ఎవరికి పెద్దపీట? వ్యాపార ధ్యేయ ప్రకటనల చరిత్ర

వ్యాపార సంస్థ తాను దేనికోసం ఉన్నదో, ఎవరికి జవాబుదారీయో, ఏ గీత దాటదో కొద్ది మాటల్లో రాసి లోకానికి తెలియజేసే పత్రమే మిషన్ స్టేట్‌మెంట్. తెలుగులో ధ్యేయ ప్రకటన అంటే సరిపోతుంది. ఇవాళ ఇది లేని పెద్ద కంపెనీ దాదాపు లేదు. వార్షిక నివేదిక తొలి పుటల్లో, వెబ్‌సైట్‌లో, ఆఫీసులో అడుగుపెట్టగానే ఎదురుగా గోడ మీద కనిపిస్తుంది. ఆ పేరుతో ఇంతగా వ్యాపించింది 1980ల నుంచే. ఆచారం మాత్రం శతాబ్దాల నాటిది. వర్తకం నడిపేవారు తమ నడవడికి తామే హద్దు గీసుకుని దాన్ని రాతలో పెట్టడం పరిమిత బాధ్యత కంపెనీల చట్టాలు పుట్టకముందే జపాన్‌లో, ఇంగ్లండ్‌లో, తెలుగు తీరంలో జరిగింది. ఆ రాతల్లో కాలానికి నిలిచినవి కొన్నే. నిలిచినవాటిని దగ్గరగా చూస్తే ఒక లక్షణం కనిపిస్తుంది. అవి మంచి మాటల మూటలు కావు. పలువురి ప్రయోజనాలు ఢీకొన్న రోజున ఎవరికి పెద్దపీట వేయాలో, అందుకోసం ఏ రాబడి వదులుకోవాలో అవి ముందే తేల్చి చెప్పాయి.

తెలుగు నేల మీద ఇలాంటి రాతకు గట్టి ఉదాహరణ మోటుపల్లి అభయ శాసనం. చీరాలకు దక్షిణాన చినగంజాం దగ్గర తీరంలో ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244-45లో గణపతిదేవుడు అక్కడ వేయించిన శాసనం వీరభద్రాలయంలో ఉంది. అంతకుముందు రాజుల కాలంలో తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం రాజు పరమయ్యేవని, సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల మీద దయతో తాను ఆ హక్కును వదులుకుంటున్నానని రాజు అందులో చెప్పాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోనన్నాడు. ఆ సుంకం ముప్పైకి ఒకటి. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు వంటి సరుకులకు విడివిడిగా లెక్కలు కూడా చెక్కించాడు.

ఇది పాలకుడి ఆజ్ఞే, కంపెనీ ప్రకటన కాదు. అయినా మంచి ధ్యేయ ప్రకటనకు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. మాట ఎవరికి ఇస్తున్నదీ ఉంది. వారు భయపడేది ఏమిటో ఉంది. ఖజానాకు తేలిగ్గా వచ్చిపడే సొమ్మును వదులుకోవడం ఉంది. వర్తకుడు తన సరుకుతో పోల్చి చూసుకోగల అంకె ఉంది. దూరదేశపు ఓడను రేవుకు రప్పించేది రాజు బిరుదావళి కాదు, ఆ అంకె. కాకతీయ రాజ్యం పోయాక 1358లో రెడ్డి రాజు అనపోత రెడ్డి ఇదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ ఇలాంటి అభయమే ఇచ్చాడు. వంశం మారినా రేవుకు ఆ మాట అవసరం తీరలేదు.

వర్తక కుటుంబమే తన కోసం రాసుకున్న నియమాలకు జపాన్ ప్రసిద్ధి. సుమితొమో వ్యాపార వంశానికి మూలపురుషుడు మసతొమో (1585-1652) మొదట బౌద్ధ సన్యాసి. తరువాత క్యోటోలో పుస్తకాలు, మందులు అమ్మే దుకాణం పెట్టాడు. చివరి రోజుల్లో తన వారికి రాసిన చిన్న ఉత్తరం ఆ సంస్థకు మూలసూత్రమైంది. అందులో గొప్ప గొప్ప మాటలు లేవు. మామూలు ధర కన్నా చవగ్గా ఎవరైనా సరుకు తెస్తే, అది ఎక్కడిదో తెలియకపోతే, దొంగసొత్తు అనుకోవాలి. ఎవరికీ జామీను ఉండకూడదు. అరువు మీద అమ్మకూడదు. అవతలివాడు ఎంత మాట అన్నా కోపం తెచ్చుకోకూడదు. అన్నీ కొట్టు మీద కూర్చున్న మనిషికి ఆ రోజే పనికొచ్చే మాటలు. రాగి గనులతో వేళ్లూనుకున్న ఆ వ్యాపారం 1891లో తన నియమావళిని కొత్తగా రాసుకున్నప్పుడు కూడా, కాలంతో పాటు మారాలి కానీ నిలకడలేని తేలిక లాభాల వెంట పరుగెత్తకూడదని చేర్చింది.

ఇంగ్లండ్‌లో ఈ ఆచారాన్ని మరో మెట్టు ఎక్కించింది యజమానులు కాదు, కూలినాలి జనం. మాంచెస్టర్ దగ్గరి రాచ్‌డేల్ పట్టణంలో 1844లో 28 మంది కలిసి ఒక సహకార దుకాణం పెట్టుకున్నారు. వారిలో నేతపనివారు చాలామంది. పోగైన మూలధనం 28 పౌండ్లు. ఆ ఏడాది డిసెంబరు 21న టోడ్ లేన్ అనే వీధిలో కొట్టు తెరిచేనాటికి అందులో ఉన్నవి వెన్న, పంచదార, పిండి, ఓట్ పిండి, కొవ్వొత్తులు. సరుకుల కన్నా విలువైనది వారు రాసుకున్న నియమావళి. కల్తీ లేని సరుకు, సరైన తూకం, రొక్కానికే అమ్మకం, కొన్న మేరకు లాభంలో వాటా, ఒక్కొక్క సభ్యునికి ఒకే ఓటు, ఆడవారికీ సమాన సభ్యత్వం.

ఈ నియమాల వెనుక ఆ కాలపు బజారు ఉంది. పిండిలో సుద్ద కలిపే వ్యాపారులు, తప్పుడు తూకాలు, అరువు ఖాతాలతో కూలివాణ్ణి కట్టిపడేసే దుకాణాలు అప్పుడు మామూలే. రొక్కానికే అమ్ముతామన్న నియమం సభ్యులకే కష్టం. జీతం ఆలస్యమైన వారం ఆ కొట్టు వారికి అక్కరకు రాదు. అయినా అరువు వ్యాపారాన్ని వదులుకోబట్టే కొట్టు మునగలేదు, సరుకులో కల్తీ చేయాల్సిన అగత్యం రాలేదు. ఈ నియమాలే తరువాత అంతర్జాతీయ సహకార సమాఖ్య 1937లో ఆమోదించిన సూత్రాలకు ఆధారమయ్యాయి. భారతదేశంలో 1904 సహకార పరపతి సంఘాల చట్టంతో మొదలై పల్లెపల్లెకూ చేరిన సహకార సంఘాల వంశవృక్షంలోనూ రాచ్‌డేల్ పేరు ఉంటుంది.

కంపెనీ దేనికోసం ఉన్నదన్న ప్రశ్నను చట్టం కూడా అడిగింది. 19వ శతాబ్దం మధ్యలో పరిమిత బాధ్యత కంపెనీలకు అనుమతి ఇచ్చినప్పుడు, బ్రిటిష్ చట్టం ప్రతి కంపెనీ తన ఉద్దేశాలను మెమోరాండం ఆఫ్ అసోసియేషన్‌లో రాయాలని షరతు పెట్టింది. డబ్బు పెట్టేవాడికీ, అప్పిచ్చేవాడికీ తమ సొమ్ము ఏ పనికి పోతున్నదో తెలియాలన్నది ఆలోచన. 1875లో ఆష్‌బరీ కంపెనీ కేసులో బ్రిటన్ ప్రభువుల సభ దీన్ని కఠినంగా అమలు చేసింది. రైలు పెట్టెలు, వ్యాగన్లు తయారు చేస్తామని రాసుకున్న కంపెనీ బెల్జియంలో ఏకంగా రైలుమార్గం నిర్మించే కాంట్రాక్టుకు డబ్బు కట్టబోయింది. ఆ ఒప్పందం కంపెనీ ఉద్దేశాలకు బయటిది కాబట్టి చెల్లదని, వాటాదారులంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్నా చెల్లదని తీర్పు వచ్చింది.

ఆ తీర్పుతో లాయర్లు జాగ్రత్తపడ్డారు. తరువాత రాసిన మెమోరాండాల్లో రబ్బరు తోటల కంపెనీ కూడా బ్యాంకు పని, ఓడల పని, గనుల పని, లోకంలో ఉన్న పనులన్నీ చేస్తానని రాసుకోవడం మొదలైంది. ఏదో ఒక రోజు అక్కరకు వస్తుందని పదుల కొద్దీ క్లాజులు చేర్చారు. అన్నీ చేస్తానన్న కంపెనీ ఏం చేస్తుందో చదివినవారికి అర్థం కాలేదు. హద్దు గీయడానికి పుట్టిన పత్రం హద్దులన్నీ చెరిపే పత్రమైంది. చివరకు బ్రిటన్ 2006 చట్టంతో, కంపెనీ తనకు తాను ఆంక్ష పెట్టుకుంటే తప్ప, ఉద్దేశాలకు పరిమితే లేదని తేల్చింది. భారత కంపెనీల చట్టంలో మాత్రం ఉద్దేశాల క్లాజు నేటికీ ఉంది. చట్టపరమైన ఈ పత్రం తన పని చేయడం మానిన చోటే, చట్టంతో పనిలేని ధ్యేయ ప్రకటనకు చోటు దొరికింది.

20వ శతాబ్దపు తొలి అడుగుల్లో అమెరికన్ టెలిఫోన్ అండ్ టెలిగ్రాఫ్ కంపెనీది ఒకటి. దాని అధిపతి థియోడర్ వెయిల్ 1908 ప్రాంతంలో ఒకే విధానం, ఒకే వ్యవస్థ, అందరికీ సేవ అన్న నినాదంతో కంపెనీ దారి మార్చాడు. అందుకు బదులుగా ప్రభుత్వ నియంత్రణకు తలవంచడానికి కూడా సిద్ధపడ్డాడు.

ఒసాకాలో కథ వేరు. మత్సుషిత కొనొసుకె 1918లో భార్య, బావమరిదితో కలిసి విద్యుత్ సామగ్రి తయారీ మొదలుపెట్టాడు. అదే నేటి పానసోనిక్. 1929 చివర మాంద్యం వచ్చి గోదాముల్లో సరుకు పేరుకుపోయింది. సగం మందిని తీసేయాలన్న సలహా వచ్చింది. ఆయన ఒక్కరినీ తీయలేదు. ఉత్పత్తి సగానికి తగ్గించి, ఫ్యాక్టరీని పూట మాత్రమే నడిపి, జీతం పూర్తిగా ఇచ్చాడు. మిగతా పూట, సెలవు రోజుల్లో సైతం అందరూ సరుకు అమ్మాలన్నాడు. రెండు నెలల్లో గోదాములు ఖాళీ అయ్యాయి.

మూడేళ్లలోపే 1932లో ఒక పరిచయస్థుడు ఆయన్ను ఒక మత సంస్థ ప్రధాన కేంద్రానికి తీసుకెళ్లాడు. జీతం లేకుండా అంత ఉత్సాహంగా పనిచేస్తున్న భక్తులను చూసి, ఫ్యాక్టరీ పనికి కూడా అలాంటి అర్థం ఎందుకు ఉండకూడదన్న ఆలోచన ఆయన్ను పట్టుకుంది. ఆ ఏడాది మే 5న 168 మంది ఉద్యోగులను సమావేశపరచి తన మాట చెప్పాడు. ఎండలో పోయేవాడు వీధి పక్క కొళాయి తిప్పి నీళ్లు తాగితే ఎవరూ దొంగ అనరు. నీళ్లకు విలువ లేక కాదు, సమృద్ధిగా ఉన్నాయి కాబట్టి. నిత్యావసర వస్తువులను కూడా కొళాయి నీళ్లంత సమృద్ధిగా, చవగ్గా తయారుచేసి పేదరికాన్ని పోగొట్టడమే తయారీదారు ధ్యేయం అన్నాడు. అందుకు 250 ఏళ్ల ప్రణాళిక వేశాడు. 25 ఏళ్ల చొప్పున పది దశలు. వింటున్నవారు ఉద్వేగంతో వేదిక ఎక్కి మాట్లాడేందుకు పోటీ పడ్డారని కంపెనీ చరిత్ర చెబుతుంది. కంపెనీ పుట్టింది 1918లో అయినా, వ్యవస్థాపక దినంగా జరుపుకొనేది మే 5నే. ఇక్కడ గమనించవలసింది వరుస. 1929లో నడిచి చూపించాక 1932లో చెప్పాడు. అందుకే ఆ 168 మంది నమ్మారు.

పాశ్చాత్య వ్యాపార ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ చర్చకు వచ్చిన పత్రం జాన్సన్ అండ్ జాన్సన్ వారి క్రెడో. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూ బ్రన్స్‌విక్‌లో 1886లో ముగ్గురు అన్నదమ్ములు గాయాలకు కట్టే శుభ్రమైన పట్టీల తయారీతో మొదలుపెట్టిన కంపెనీ అది. రెండో తరం అధిపతి రాబర్ట్ వుడ్ జాన్సన్ 1935లోనే పరిశ్రమాధిపతుల సామాజిక బాధ్యత గురించి ఒక కరపత్రం రాశాడు. 1943లో కంపెనీ బాధ్యతలను ఒక్క పేజీలో తానే రాసిపెట్టాడు. రాసిన సమయం ముఖ్యం. 1944లో కంపెనీ వాటాలు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి వెళ్లాయి. బయటివారి డబ్బు లోపలికి రాకముందే, ఆ డబ్బుకు ఇక్కడ ఏ స్థానం ఉంటుందో ఆయన రాసి ఉంచాడు.

ఆ స్థానం చివరిది. తమ వస్తువులు వాడే డాక్టర్లు, నర్సులు, ఆసుపత్రులు, తల్లులు మొదట. వారి తరువాత పనివారు. ఆ వెనుక మేనేజ్‌మెంటు. నాలుగో స్థానం కంపెనీ ఉన్న ఊరిది. ఐదోది, ఆఖరుది వాటాదారులది. ముందు నలుగురి పట్ల బాధ్యత నెరవేర్చి, పరిశోధనలకు, కష్టకాలానికి నిల్వ తీసిపెట్టాక వాటాదారులకు న్యాయమైన ప్రతిఫలం అందాలన్నది అందులోని తర్కం. లాభాన్ని చిన్నచూపు చూసిన పత్రం కాదది. లాభం వరుసలో ఎక్కడ వస్తుందో చెప్పిన పత్రం.

ముప్పై ఏళ్లు గడిచేసరికి అది గోడ మీది ఫ్రేముగా మిగిలిపోతున్నదన్న అనుమానం కంపెనీ నాయకుల్లో ఒకరైన జేమ్స్ బర్క్‌కు వచ్చింది. 1970ల మధ్యలో ఆయన ఇరవై మందికి పైగా ముఖ్య అధికారులను ఒక గదిలో కూర్చోబెట్టి, ఈ మాటల మీద నమ్మకం ఉంటే ఉంచుదాం, లేకపోతే గోడ మీంచి పీకేద్దాం, తేల్చండి అన్నాడు. వాదోపవాదాలు జరిగాయి. ధర పెంచినప్పుడు మొదటివారికి న్యాయం ఎలా, ఫ్యాక్టరీ మూస్తే రెండోవారి మాటేమిటి అన్న చిక్కు ప్రశ్నలు వచ్చాయి. ఇలాంటి సమావేశాలు ఇతర దేశాల్లోని శాఖలకూ పాకాయి. 1979లో క్రెడోను కొద్దిగా సవరించి, కట్టుబడి ఉంటామని తిరిగి ప్రకటించారు.

పరీక్ష మూడేళ్లకే వచ్చింది. 1982 సెప్టెంబరు 29న షికాగో ప్రాంతంలో ఆ కంపెనీవే అయిన టైలినాల్ నొప్పి మాత్రలు వేసుకున్నవారు చనిపోవడం మొదలైంది. చనిపోయినవారు మొత్తం ఏడుగురు. ఎవరో దుకాణాల్లోని సీసాల్లోకి సైనైడ్ నింపిన క్యాప్సూల్స్ చేర్చారు. తప్పు ఫ్యాక్టరీది కాదు. దోషి ఎవరో కోర్టులో ఈనాటికీ తేలలేదు. ఆ మందు కంపెనీకి కామధేనువు. నొప్పి మాత్రల బజారులో మూడో వంతుకు పైగా దానిదే. బర్క్ నాయకత్వంలో కంపెనీ ముందుగా జనాన్ని ఆ మాత్రలు వేసుకోవద్దని హెచ్చరించింది. ఆపైన దేశమంతటి నుంచీ సుమారు 3.1 కోట్ల సీసాలను వెనక్కి తెప్పించింది. ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటింది. బజారు వాటా పదో వంతు కన్నా కిందికి పడిపోయింది. వారాల వ్యవధిలో మూడంచెల సీలుతో కొత్త సీసాలు వచ్చాయి. ఏడాదిలో పోయిన వాటాలో చాలా భాగం తిరిగి దక్కింది. మూత కింద సీలు లేని మందు సీసా నేడు కనిపించకపోవడానికి మూలం ఆ శరదృతువే. 1986లో న్యూయార్క్ రాష్ట్రంలో మరొకరు అదే తీరున చనిపోతే, బయటివారు విప్పి మూయగల క్యాప్సూల్ రూపాన్నే కంపెనీ ఆపేసింది.

ఆ నిర్ణయాలు తీసుకోవడం తేలికైందంటే, మొదటివారెవరో ముందే రాసి ఉండబట్టేనని బర్క్ తరువాత చెబుతూ వచ్చాడు. నిజానికి రాతకన్నా, ఆ రాత మీద ముందు కొన్నేళ్ల పాటు అధికారులు చేసిన వాదనే వారిని సిద్ధం చేసింది. రాత ఉన్నంత మాత్రాన సంస్థకు శాశ్వత రక్ష లేదు. అదే కంపెనీ టాల్కం పౌడర్ మీద తరువాతి కాలంలో వేల సంఖ్యలో దావాలు పడ్డాయి. పౌడర్ నిరపాయమేనని వాదిస్తూనే కంపెనీ 2020లో అమెరికా, కెనడాల్లో, 2023లో ప్రపంచమంతటా ఆ టాల్క్ పౌడర్ అమ్మకం ఆపింది. మొదటి స్థానం ఎవరిదన్న ప్రశ్నను ప్రతి తరమూ మళ్లీ వేసుకోవలసిందే.

మందుల రంగంలోనే మెర్క్ కంపెనీ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1950 డిసెంబరులో జార్జ్ మెర్క్ వర్జీనియా వైద్య కళాశాలలో మాట్లాడుతూ, మందు ఉన్నది మనుషుల కోసమే కానీ లాభాల కోసం కాదని, అది గుర్తుంచుకున్నప్పుడల్లా లాభాలు వాటంతట అవే వచ్చాయని అన్నాడు. ఉపన్యాసంలో ఎవరైనా అనగల మాటే. 1980లలో దానికి ధర కట్టవలసి వచ్చింది. పశువుల మందుగా మొదలైన ఐవర్‌మెక్టిన్, ఆఫ్రికా నదీతీరాల్లో నల్ల ఈగల ద్వారా వ్యాపించి మనుషులను గుడ్డివాళ్లను చేసే రివర్ బ్లైండ్‌నెస్ మీద పనిచేస్తుందని తేలింది. ఆ జబ్బు ఉన్నవారికి కొనే శక్తి లేదు. కొని పంచడానికి ముందుకొచ్చిన ప్రభుత్వమూ లేదు. అధిపతి రాయ్ వాగెలోస్ 1987లో, అవసరమైనంత మందు, అవసరమైనన్ని ఏళ్లు ఉచితంగా ఇస్తామని ప్రకటించాడు. ఆ పంపిణీ నేటికీ సాగుతున్నది. ఆ మందును కనుగొన్న విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ వచ్చింది.

హ్యూలెట్ ప్యాకార్డ్ యజమానులిద్దరూ 1957లో కాలిఫోర్నియాలోని సొనోమాలో తమ మేనేజర్లతో కూర్చుని కంపెనీ ఉద్దేశాలను కాగితం మీద పెట్టారు. లాభం, కొనుగోలుదారులు, ఉద్యోగులు, పౌరధర్మం వంటివాటితో పాటు, సాంకేతికంగా కొత్తగా ఇవ్వగలిగింది ఉన్న రంగాల్లోకే వెళ్లాలన్న హద్దు కూడా అందులో ఉంది. 1970లో ఆర్డర్లు తగ్గినప్పుడు పదిమందిలో ఒకరిని తీసేసే బదులు, పై నుంచి కింది దాకా అందరూ పదో వంతు జీతం వదులుకుని రెండు వారాలకు ఒక రోజు పని మానారు.

ఈ అనుభవాలకు సిద్ధాంత రూపం ఇచ్చింది మేనేజ్‌మెంటు ఆలోచనాపరుడు పీటర్ డ్రకర్. మన వ్యాపారం ఏమిటి అన్న ప్రశ్న చూడటానికి తేలిక, జవాబు చాలా కష్టమని, దానికి జవాబు కొనుగోలుదారు నుంచే మొదలవ్వాలని 1954 నాటి పుస్తకంలో చెప్పి, 1973లో వచ్చిన బృహద్గ్రంథంలో వ్యాపార ధ్యేయాన్ని విస్తరించి చర్చించాడు. 1960లో మార్కెటింగ్ ఆచార్యుడు థియోడర్ లెవిట్ వ్యాసం మరో దారి చూపింది. అమెరికా రైల్వేలు తమది రైళ్ల వ్యాపారం అనుకున్నాయే తప్ప రవాణా వ్యాపారం అనుకోలేదు, అందుకే చెడ్డాయన్నది ఆయన వాదన. వాదన పదునైనదే. దాన్ని అనుకరించినవారు మాత్రం తమ వ్యాపారాన్ని విస్తరించి విస్తరించి ఊపిరాడని సాధారణోక్తిగా మార్చేశారు. ఆష్‌బరీ కేసు తరువాత లాయర్లు చేసిన పనినే కన్సల్టెంట్లు మళ్లీ చేశారు.

1980లలో ఇది వెల్లువైంది. జపాన్ కంపెనీల పోటీకి బెంబేలెత్తిన అమెరికా మేనేజర్లకు 1982లో పీటర్స్, వాటర్‌మన్‌ల పుస్తకం ఉమ్మడి విలువల మహిమ చెప్పింది. 1987లో పియర్స్, డేవిడ్ అనే ఇద్దరు ఆచార్యులు పెద్ద కంపెనీల ప్రకటనలను పరిశీలించి, కొనుగోలుదారులు, సరుకులు, బజార్లు, సాంకేతికత, విలువలు వంటి అంశాలు అందులో ఉండాలని ఒక పట్టిక ఇచ్చారు. పరిశోధన కోసం వేసిన పట్టిక క్లాసుల్లో నింపవలసిన ఫారంగా మారింది. ఏ కంపెనీ పేరు తీసి ఏ కంపెనీ పేరు పెట్టినా సరిపోయే ప్రకటనలు వేల సంఖ్యలో పుట్టుకొచ్చింది అప్పుడే.

ఆ తరహా రాతకు అప్రతిష్ఠ తెచ్చింది అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్. గౌరవం, నిజాయితీ, భావ వినిమయం, శ్రేష్ఠత అని ఆ కంపెనీ నాలుగు విలువలు చాటుకుంది. 2000 జూలైలో 64 పేజీల నీతి నియమావళి ముద్రించి ఉద్యోగులకు పంచింది. ఖాతాల మోసం బయటపడి 2001 డిసెంబరు 2న దివాలా పిటిషన్ వేసింది. హైదరాబాద్‌కు అలాంటి దెబ్బ తెలిసింది 2009 జనవరి 7న. ఖాతాల్లో వేల కోట్లు లేనివి ఉన్నట్లు చూపామని సత్యం కంప్యూటర్స్ అధిపతి ఉత్తరం రాసిన రోజది. అంతకు కొన్ని నెలల ముందే ఆ సంస్థకు కార్పొరేట్ పాలనకు గాను గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. ఆ తరువాత వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ అన్న మాట రాసుకోవడానికి ఖర్చు లేదు. త్రైమాసిక ఫలితాలు బాగాలేకపోతే బాగాలేవనే చెబుతాం అని రాసుకుని ఉంటే, దాన్ని తప్పిన మొదటి త్రైమాసికంలోనే లోపలివారు వేలెత్తి చూపడానికి ఒక ఆధారం ఉండేది.

భారతదేశంలో ధ్యేయాన్ని పనితో ముడివేసి చూపినవి కంటి ఆసుపత్రులు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరైన డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచారు. నివారించగల అంధత్వాన్ని రూపుమాపడం ఆయన పెట్టుకున్న ధ్యేయం. డబ్బు ఇవ్వగలవారి రాబడితో ఇవ్వలేనివారికి ఉచితంగా ఆపరేషన్ చేయడం పద్ధతి. దిగుమతి లెన్సు ఖరీదు ఆ ధ్యేయానికి అడ్డు వచ్చింది. అందుకని 1992లో ఆరోలాబ్ పెట్టి లెన్సులు తామే తయారుచేసి ధరను ఎన్నో రెట్లు తగ్గించారు. ఆసుపత్రి లెన్సుల ఫ్యాక్టరీ పెట్టాలా అన్న ప్రశ్నకు జవాబు ధ్యేయంలోనే ఉంది. అందరికీ చూపు అందాలన్న ధ్యేయంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా నగరానికే పరిమితం కాలేదు. పల్లెల్లో చిన్న కంటి పరీక్షా కేంద్రాల వరకూ అంచెలంచెలుగా విస్తరించింది.

ఈ చరిత్ర నుంచి రాసే పద్ధతి కూడా బోధపడుతుంది. నిలిచినవాటిని ఎక్కువగా రాసింది బాధ్యత మోసే మనిషే. బయటి రచయితకు ఏం వదులుకోవచ్చో తేల్చే అధికారం ఉండదు. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ తన ప్రకటన రాసుకుంటున్నదనుకుంటే, నాణ్యమైన సేవతో ఖాతాదారుల సంతృప్తే మా ధ్యేయం అని రాయడం సులువు. అది బట్టల కొట్టుకూ సరిపోతుంది. దాని బదులు ఇలా రాయవచ్చు. సరుకు పెట్టిన రైతు మాకు మొదటివాడు. రసీదు తెచ్చిన మనిషి సంతకం లేకుండా ఒక్క టిక్కీ కదలదు. సీజనంతటికీ అద్దె ముందే బోర్డు మీద రాస్తాం, మధ్యలో పెంచం. కూలింగ్ ఆగి సరుకు చెడితే నష్టం మాది. మేము మిర్చి కొనం, అమ్మం. చివరి వాక్యం యజమానికి నిజంగా కష్టం. ధర పెరిగిన ఏడాది లాభమంతా చేజారుతుంది. రైతు మాత్రం ఆ వాక్యం చూసే సరుకు తెస్తాడు. తన టిక్కీల లెక్క తెలిసినవాడే తనకు పోటీ వ్యాపారి కాడన్న భరోసా అతనికి అందులో దొరుకుతుంది. ఇలాంటి ప్రకటనకు నాలుగైదు వాక్యాలు చాలు. ఏడాదికోసారి, ఆ వాక్యాలు అమలైన సందర్భాలను, తప్పిన సందర్భాలను సిబ్బంది ముందు పెట్టి చదవాలి.

ఎవరు ముందు అన్న వాదం మాత్రం ఆగలేదు. 1970 సెప్టెంబరులో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్, చట్టానికి లోబడి లాభం పెంచడమే వ్యాపారపు సామాజిక బాధ్యత అని న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రాశాడు. అమెరికా కంపెనీ అధిపతుల వేదిక బిజినెస్ రౌండ్‌టేబుల్ 1997లో ఆ బాటలోనే వాటాదారులకు పెద్దపీట వేసింది. 2019 ఆగస్టు 19న అదే వేదిక 181 మంది అధిపతుల సంతకాలతో కొత్త ప్రకటన ఇచ్చింది. అందులో కొనుగోలుదారులు మొదట, వాటాదారులు చివర వచ్చారు. 1943 నాటి క్రెడోను గుర్తుచేసే వరుస అది. సంతకం చేసినవారిలో ఎందరు నష్టం వచ్చిన ఏడాది ఆ వరుసకు కట్టుబడ్డారన్నదే దాన్ని అంచనా వేయడానికి సరైన కొలత.

భారత కంపెనీల చట్టం 2013లోని 166వ సెక్షన్ ప్రకారం డైరెక్టర్లు కంపెనీ, ఉద్యోగులు, వాటాదారులు, సమాజం, పర్యావరణం అందరి మేలూ చూడాలి. వీరిలో ఎవరు ముందో చట్టం చెప్పలేదు. ఆ వరుసను కంపెనీయే తేల్చి రాసుకోవాలి.